పాపికొండల నడుమ గోదావరి: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

వానలు వెనుకబట్టి కార్తికం దగ్గరపడుతున్నదంటే ఈ శీర్షికకు గోదావరి విహారం మీద ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం భద్రాచలానికీ ధవళేశ్వరానికీ నడుమ ఉన్న నది గురించే కావడంతో, కొన్నింటిని ఎంచి ఒకేచోట సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: బాసర దగ్గర, మంచిర్యాల దగ్గర గోదావరి వెడల్పుగా, ఇసుక మేటలతో కనిపిస్తుంది. రాజమహేంద్రవరంలో ఆవలి ఒడ్డు మసకగా తప్ప కనిపించదు. నడుమ పాపికొండల దగ్గర మాత్రం సన్నబడిపోతుంది. అన్ని నీళ్లు అంత ఇరుకులో ఎలా పడుతున్నాయి? పిల్లలకు ఎలా చెప్పమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, సిద్దిపేట

సమాధానం: నది వెడల్పు నీటి పరిమాణాన్ని బట్టి ఎంత ఉంటుందో, కింద ఉన్న రాయిని బట్టి కూడా అంతే ఉంటుంది, పిల్లలకు ముందుగా ఈ మాట చెబితే మిగతాది తేలికవుతుంది. మహారాష్ట్రలో త్ర్యంబకం దగ్గరి బ్రహ్మగిరిపై పుట్టిన గోదావరి, అరేబియా సముద్రానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోనే ఉండి కూడా అటు పోకుండా, తూర్పుకు తిరిగి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ నడకలో మొదటి భాగం దక్కను నల్లరాతి నేలలది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలిశాక నది వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే ఒక పురాతనమైన పల్లాన్ని పట్టుకుంటుంది. కోట్ల ఏళ్ల కిందట భూమి పగిలి కుంగిన ఆ పల్లంలో ఇసుకరాళ్లు, బొగ్గుపొరలు పేరుకున్నాయి. తెలంగాణలోని సింగరేణి గనులు ఆ పొరల్లోవే. ఇసుకరాయి కోతకు తేలికగా లొంగుతుంది కనుక అక్కడ నది పక్కలకు విస్తరించి, తీరుబడిగా, మేటలు వేసుకుంటూ ప్రవహిస్తుంది.

కూనవరం దాటిన తరువాత కథ మారుతుంది. అక్కడ నది తూర్పు కనుమలలోకి అడుగుపెడుతుంది. ఈ కొండలు ఖోండలైటు, చార్నకైటు అనే చాలా పాత, చాలా గట్టి రాళ్లతో ఏర్పడినవి. పక్కలను కోయడం సాధ్యం కాని చోట నది తన బలాన్నంతా అడుగును కోయడానికే వెచ్చిస్తుంది. అందువల్ల పాపికొండల దగ్గర పైకి కనిపించే నీరు సన్నగా ఉన్నా, లోతు మాత్రం చాలా ఎక్కువ. పోలవరం దగ్గర కొండలు వదిలేయగానే నది మైదానంలో పరుచుకుంటుంది. రాజమహేంద్రవరం దగ్గర దాని వెడల్పు సుమారు 3 కిలోమీటర్లు. ఒకే నీరు ఇరుకులో లోతుగాను, వేగంగాను పోతుంది, వెడల్పులో పలుచగాను, నెమ్మదిగాను పోతుంది. తరగతిలో చూపించాలంటే నీళ్ల గొట్టం మూతిని వేలితో సగం మూసి చూపితే చాలు.

పిల్లలను రాజమహేంద్రవరం తీసుకువెళ్లగలిగితే కాతేరు, పంగిడి ప్రాంతాల రాతి క్వారీలను కూడా చూపించండి. అక్కడ అగ్నిపర్వత లావా గట్టిపడిన నల్లరాతి పొరల నడుమ, నత్తగుల్లల శిలాజాలున్న సున్నపురాయి పొర కనిపిస్తుంది. విహారయాత్రల పట్టికల్లో ఈ క్వారీల ప్రస్తావన ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

ప్రశ్న: కార్తికంలో వెళ్లడం మంచిదా, సంక్రాంతి సెలవుల్లోనా? బోటు ఎక్కడ ఎక్కాలి? భద్రాచలం దర్శనం కూడా కలిసొచ్చేలా చెప్పండి.
– ఒక ఉద్యోగి, గుంటూరు

సమాధానం: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. జూన్ ఆఖరు నుంచి వచ్చే కొత్తనీరు ఎర్రగా, మట్టితో చిక్కగా ఉంటుంది. అక్టోబరు గడిచేసరికి అది తేరుకుని, కొండల నీడ పడ్డచోట ఆకుపచ్చగా కనిపిస్తుంది. కార్తికంలో కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి, సంక్రాంతినాటికి ఆకురాల్చే చెట్లు పలచబడడం మొదలవుతుంది. అందుకని నా ఓటు కార్తికానికే; అయితే కార్తిక సోమవారాలు, ఆదివారాలు రేవుల్లో జనం విపరీతంగా ఉంటారు కాబట్టి వారం మధ్యలో వెళ్లండి. డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం పూట నది మీద మంచు దట్టంగా పడుతుంది. అది విడిపోయేదాకా సరంగు బోటు తీయకపోతే విసుక్కోవద్దు, తీస్తేనే అనుమానించాలి.

ఇక ఎక్కే చోటు. ఒకప్పుడు రాజమహేంద్రవరం, పట్టిసీమ, పోలవరం రేవుల నుంచి లాంచీలు నేరుగా పైకి వెళ్లేవి. రోడ్లు లేని రోజుల్లో ఒడ్డు ఊళ్లకు బియ్యం, ఉప్పు, ఉత్తరాలు, పెళ్లివారు, రోగులు అందరూ ఆ లాంచీల్లోనే. భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం దాకా 171 కిలోమీటర్ల నదీమార్గాన్ని 2008లో 4వ జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు కూడా. పోలవరం ప్రాజెక్టు నిర్మాణంతో ఆ దారి నడుమ తెగిపోయింది. ఇప్పుడు దిగువ నుంచి వెళ్లేవారు ప్రాజెక్టుకు ఎగువన ఉన్న గండిపోచమ్మ గుడి దగ్గరి రేవులో బోటు ఎక్కుతారు. రాజమహేంద్రవరం నుంచి అక్కడికి రోడ్డు మీద వెళ్లాలి. భద్రాచలం వైపు నుంచి వెళ్లేవారికి వి.ఆర్.పురం మండలంలోని పోచవరం రేవు ఉంది. మీకు దర్శనం కూడా కావాలి కాబట్టి ముందురోజు భద్రాచలంలో బస చేసి, మరునాడు పోచవరం నుంచి వెళ్లడమే తేలిక. దారిలో కూనవరం దగ్గర ఆగి శబరి గోదావరిలో కలిసే చోటు చూడండి. ఒడిశాలో కొలాబు అనే పేరుతో మొదలయ్యే శబరిలోకి సీలేరు విద్యుత్కేంద్రాలు వదిలిన నీరు కూడా వస్తుంది. గోదావరి డెల్టాలో రబీ పంట చాలా ఏళ్లు గట్టెక్కేది ఆ నీటితోనే.

రెండు వైపుల నుంచి వచ్చే బోట్లూ సాధారణంగా పేరంటపల్లిలో ఆగుతాయి. మెట్లెక్కి పైకి వెళితే చెట్ల నడుమ రామకృష్ణ మునివాటం, శివాలయం, పక్కనే రాళ్ల మీదుగా జారే సెలయేరు. గుడిలో నిశ్శబ్దం పాటించాలన్న నియమాన్ని మన యాత్రికులు ఫోనుల్లో పాటలు పెట్టి భంగం చేస్తుంటారు, మీరు ఆ పని చేయకండి. మెట్ల దగ్గర కొండరెడ్డి మహిళలు వెదురుతో చేసిన పూలు అమ్ముతారు. సన్నని వెదురుకర్రను కత్తితో పలుచగా చెక్కుతూ, ఆ చెక్కును కర్ర నుంచి ఊడదీయకుండా వెనక్కి చుట్టచుట్టగా మడచి పువ్వుగా మలుస్తారు. బేరమాడకుండా కొనదగ్గ వస్తువు అది. ఒడ్డున అడవి అంతా 2008లో ప్రకటించిన పాపికొండల జాతీయ పార్కులో భాగమని గుర్తుంచుకుని, తిన్న పొట్లాలను బోటులోనే ఉంచుకుని వెనక్కి తెచ్చుకోండి.

రాత్రి బస విషయంలో ముందే ఆశ పెట్టుకోవద్దు. కొల్లూరు దగ్గర ఇసుక తిన్నె మీది వెదురు గుడిసెలకు మంచి పేరుంది, నిజమే. అయితే తిన్నె ఉండేదీ లేనిదీ ఆ ఏడాది నీటిమట్టాన్ని బట్టే ఉంటుంది. పాత ఫొటోలు చూసి డబ్బు కట్టకుండా, ఆ వారంలో అక్కడ బస చేయనిస్తున్నారో లేదో రేవులోని కంట్రోల్ రూములోనో పర్యాటక శాఖ కార్యాలయంలోనో కనుక్కోండి.

ప్రశ్న: భద్రాచలంలో ప్రమాద హెచ్చరిక ఎత్తివేశారని టీవీలో చెప్పారు. తరువాత వారానికి కూడా బోట్లు లేవని మమ్మల్ని వెనక్కి పంపారు. హెచ్చరిక లేకపోయినా ఎందుకు ఆపుతారు? 2019 ప్రమాదం తరువాత ఇంట్లోవాళ్లు అసలు గోదావరి మీదికే వద్దంటున్నారు. వారికి ఏం చెప్పాలి?
– ఒక గృహిణి, ఖమ్మం

సమాధానం: మీ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక్కటే. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ధవళేశ్వరంలో ఇవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర ఉంటాయి. రెండు చోట్లా కొలమానం మొదలయ్యే మట్టం వేరు కాబట్టి ఆ అంకెలను ఒకదానితో ఒకటి పోల్చకూడదు. ఈ హెచ్చరికలు ఒడ్డున నివసించే వారి కోసం, లోతట్టు ఊళ్లలోకి నీరు ఎప్పుడు వస్తుందో చెప్పడం కోసం పెట్టినవి. బోటులో కూర్చున్నవారి కోసం పెట్టినవి కావు.

తేడా ఎంతో చూడండి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చేది ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు (సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు ఒక క్యూసెక్కు) చేరినప్పుడు. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న రాయల్ వశిష్ట అనే బోటు మునిగిన రోజున నదిలో ఉన్నది సుమారు 5 లక్షల క్యూసెక్కులు. అంటే ఊళ్ల లెక్కలో అది ప్రమాదస్థాయికి సగం మాత్రమే. అయినా బోటు తిరగబడింది. ఆ బోటులో 77 మంది ఉంటే 26 మంది మాత్రమే బతికారు; వారిని కాపాడింది కూడా ఒడ్డున ఉన్న గిరిజన గ్రామస్థులు, తమ నాటుపడవల్లో వచ్చి. బోటును బయటికి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్లు, లంగర్లు వేసి లాగితే గాని అది పైకి రాలేదు. ఆ చోటు లోతు ఎంతటిదో దానిని బట్టి ఊహించుకోవచ్చు.

అక్కడ నది వంపు తిరుగుతుంది. ఇరుకులో వేగం పుంజుకున్న నీరు వంపు దగ్గర బయటి ఒడ్డును కొట్టి, తిరిగి నడిమికి మళ్లుతుంది. అడుగున ఉన్న రాళ్లు ఆ నీటిని పైకి తన్నుతాయి. ఈ రెండూ కలిసిన చోట సుడిగుండాలు పుడతాయి. నీరు తగ్గాక అదే చోటు అద్దంలా ఉంటుంది, పక్కన కూర్చున్నవారికి ఇక్కడే ప్రమాదం జరిగిందంటే నమ్మబుద్ధి కాదు. కాబట్టి హెచ్చరిక ఎత్తివేసిన మరునాడు నది ప్రశాంతమైపోయిందనుకోవడం పొరపాటు. వరద తీశాక కూడా కొన్నాళ్లు దుంగలు కొట్టుకువస్తాయి, రేవు మెట్ల మీద మోకాలి లోతు ఒండ్రు ఉంటుంది, తిన్నెలు చోటు మారడంతో నిరుటి దారి ఈ ఏడు పనికిరాదు. సరంగులు ఖాళీ బోటుతో దారి చూసుకున్నాకే జనాన్ని ఎక్కించుకోవాలి. మిమ్మల్ని వెనక్కి పంపినవారు మంచి పనే చేశారు.

మరొక సంగతి కూడా ఉంది. పాపికొండల్లో ఎండ కాస్తున్నా నీరు పెరగవచ్చు. గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతుకు పైగా ఒక్క ప్రాణహితదే. విదర్భలో కురిసిన వాన, బస్తర్‌లో కురిసి ఇంద్రావతి తెచ్చిన వాన ఇక్కడికి చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు అందులో కలవలేక వెనక్కి ఎగదన్ని కూనవరం, చింతూరు రోడ్లను ముంచుతుంది. భద్రాచలంలో 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నమోదైన రోజుల్లో ఇదే జరిగింది.

ఇంట్లోవాళ్లను ఒప్పించడానికి నేను చెప్పగలిగింది ఇది. ఆ ప్రమాదం తరువాత రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు, ప్రయాణికుల పేర్లు రాసుకుని, నీటిమట్టం చూసి అనుమతిస్తున్నారు. అనుమతి లేని చిన్న బోటు వాడు తక్కువ ధరకు తీసుకువెళతానంటే ఎక్కవద్దు. లైఫ్ జాకెట్టును కుర్చీ వెనుక వేలాడదీయకుండా ఎక్కినప్పటి నుంచి దిగేదాకా వేసుకుని ఉండాలి. వేసుకున్నాక ఎవరినైనా వెనుక నుంచి రెండు భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. జాకెట్టు గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే అది వదులుగా ఉన్నట్టు, నీళ్లలో పడితే తల మీదుగా జారిపోతుంది. పిల్లలకు పెద్దల జాకెట్టు తొడగడం అసలు తొడగకపోవడంతో సమానం. ఇంకొకటి, పాపికొండల మలుపు కనిపించగానే అందరూ ఫొటోల కోసం పై అంతస్తులో ఒకే పక్కకు ఎగబడతారు. బోటు ఒరగడానికి అంతకంటే సులువైన మార్గం లేదు. మీరు కూర్చున్న పక్కకు కూడా కొండలు వస్తాయి, కాస్త ఆగండి.

ప్రశ్న: పాపికొండల యాత్రలో పులస పులుసు పెడతారా? గాలం తీసుకువెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: పులస వరద రోజుల్లో సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే చేప, ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డం. అందువల్ల అది దొరికేది ఆనకట్టకు దిగువన, వలలకే, జులై నుంచి సెప్టెంబరు వరకు. బోట్లు తిరిగే కాలంలో పాపికొండల దగ్గర ఎవరైనా పులస అని వడ్డిస్తే తినండి గాని పులస ధర ఇవ్వకండి. జాతీయ పార్కు సరిహద్దుల్లో గాలం వేయాలనే ఆలోచన మానుకోండి.

ప్రశ్న: పోలవరం పూర్తయితే పాపికొండలు మునిగిపోతాయని, ఇప్పుడే చూడాలని ట్రావెల్స్ వారు ప్రచారం చేస్తున్నారు. నిజమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, ఏలూరు

సమాధానం: కొండలు మునగవు. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. పాపికొండలు దానికి ఎన్నో రెట్లు ఎత్తు. మునిగేవి కొండల పాదాలు, ఇసుక తిన్నెలు, రేవులు, ఊళ్లు. 2021 జూన్‌లో నదిని 48 గేట్ల స్పిల్‌వే (మిగులు నీటిని కిందికి వదిలే కట్టడం) మీదుగా మళ్లించినప్పటి నుంచే ఎగువ రూపం మారడం మొదలైంది. నిర్మాణం కోసం వేసిన తాత్కాలిక కట్ట, అంటే కాఫర్ డ్యాము వెనుక నీరు నిలుస్తున్నందువల్ల దేవీపట్నం మండలంలో ఒడ్డు ఊళ్లు చాలా వరకు ఖాళీ అయ్యాయి. జలాశయం పూర్తిగా నిండితే ఇప్పటి ఇరుకు మరికొంత వెడల్పవుతుంది, వరద లేని రోజుల్లో ప్రవాహం బాగా నెమ్మదిస్తుంది, నది కొంతవరకు సరస్సులా కనిపిస్తుంది. బోటు నడపడానికి అది తేలికే కావచ్చు. కానీ తిన్నెల మీద దిగి నడవడం, రాత్రి అక్కడ పడుకోవడం, ఎండకాలంలో బయటపడే రాళ్ల మీద కూర్చోవడం వంటివన్నీ పోతాయి.

మునిగిపోయేలోగా చూడండి అన్న ప్రచారం నాకు రుచించదు. అక్కడ నుంచి ఊళ్లు వదిలి వెళ్లాల్సి వస్తున్నది కోయలు, కొండరెడ్లు. వెదురు, చింతపండు, పోడు, నది ఇవే ఆధారంగా బతికినవారు ఇప్పుడు పునరావాస కాలనీలలో ఉన్నారు, పరిహారం సంగతి ఇంకా తేలనివారూ ఉన్నారు. మీరు వెళితే, బోటు గైడు కొండలను చూపిస్తున్నప్పుడు, ఒడ్డున కప్పులేని గోడలు కనిపించిన చోట ఆ ఊరి పేరు కూడా అడగండి. చాలామంది సరంగులది ఆ ఊళ్లలో ఒకటే అయి ఉంటుంది, వాళ్లు చెబుతారు.

ప్రశ్న: జనవరిలో ఇండియాకు వస్తున్నాం. అమ్మకు 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పిల్లలు చిన్నవాళ్లు. రాజమహేంద్రవరంలో రెండు రోజులే ఉంటాం. పాపికొండలు తప్పకుండా చూడాలా, దగ్గరలోనే గోదావరి చూసే ఉపాయం ఉందా?
– ఒక పాఠకురాలు, డల్లాస్, అమెరికా

సమాధానం: పాపికొండల యాత్ర అంటే పొద్దున్నే కారు, రేవులో నిరీక్షణ, పగలంతా బోటు, పేరంటపల్లిలో మెట్లు, చీకటిపడ్డాక తిరిగి కారు. మీ అమ్మగారికి అది శ్రమ. ఈసారికి వదిలేయండి, గోదావరి రాజమహేంద్రవరంలో కూడా తక్కువేమీ కాదు.

మొదటి రోజు సాయంత్రం పుష్కరాల రేవుకు వెళ్లి, వీలైతే హారతి చూడండి. స్నానం చేయదలిస్తే అమ్మగారిని నీళ్ల అంచు మెట్ల మీదికి ఒంటరిగా దిగనివ్వకండి. శీతాకాలంలో నీరు తగ్గుతూ పోయేకొద్దీ కొత్తగా బయటపడే మెట్ల మీద పచ్చని పాచి ఉంటుంది, చూడటానికి ఆరినట్టే ఉన్నా కాలు జారుతుంది. గొలుసులున్న రేవు చూసుకుని, చెంబుతో పోసుకోవడమే మేలు. పిల్లలను రేవు దాటి ఇసుక వైపు ఈతకు పోనివ్వవద్దు. ఇసుక తవ్విన గుంతలు నీటి కింద కనిపించవు, నడుము లోతు అనుకున్నది ఒక్క అడుగులో నిలువు లోతవుతుంది. నది మీద తిరగాలన్న వారి సరదా రేవు దగ్గరి బోటులో అరగంట షికారుతో తీరిపోతుంది. అక్కడి నుంచి 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెన, 1974లో ప్రారంభమైన రోడ్డు కం రైలు వంతెన, కమానుల వంతెన ఒకే చూపులో కనిపిస్తాయి.

రెండో రోజు ధవళేశ్వరం. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 నుంచి 1852 వరకు కట్టిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది 175 గేట్ల బ్యారేజీ. దాని మీద కారులో మెల్లగా వెళితే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలనూ, వాటి నడుమ లంకలనూ కూర్చున్నచోటి నుంచే చూడవచ్చు. కాటన్ మ్యూజియంలో పాత యంత్రాలు పిల్లలకు నచ్చుతాయి. తరువాత ఆత్రేయపురం వైపు కాలువగట్టు పట్టుకుని లొల్ల లాకుల దాకా వెళ్లండి. జనవరిలో రబీకి నీరు వదులుతారు కాబట్టి కాలువలు నిండుగా ఉంటాయి, ఏప్రిల్, మే నెలల్లో వస్తే అవి కట్టేసి ఉంటాయి. సంక్రాంతికి అక్కడ పడవ పందేలు పెడితే గట్టు మీద కుర్చీ వేసుకుని అమ్మగారు కూడా చూడవచ్చు. ఆత్రేయపురం దాకా వెళ్లి పూతరేకులు కొనకుండా వచ్చేవారుండరు. అవి చేసేవారి ఇంటికి వెళ్లి, బోర్లించిన వేడి కుండ మీద పలుచటి పిండిలో ముంచిన గుడ్డను ఒక్కసారి లాగి రేకు తీయడం పిల్లలకు చూపించండి. తరువాత ఓపిక ఉంటే దిండి దాకా వెళ్లి వశిష్ఠ పాయలో హౌస్ బోటు ఎక్కవచ్చు. ఎక్కేచోట మెట్లు తక్కువగా ఉన్నాయో లేదో ముందుగా ఫోను చేసి కనుక్కోండి.